ఉత్తర ఇటలీలో ఎక్కడ బస చేయాలి: అబ్బాయికి పెదనాన్న లేఖ

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

సెప్టెంబరులో మీ అమ్మానాన్నలను, కోడలిని, పాపను వెంటబెట్టుకుని ఉత్తర ఇటలీ వెళ్లాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన ప్రణాళికను మీ పెద్దమ్మా నేనూ కూర్చుని రెండుసార్లు చదివాము. పన్నెండు రాత్రులకు ఎనిమిది ఊళ్లు రాశావు. ఊళ్లన్నీ మంచివే గాని, అరవై ఏళ్లు దాటిన ఇద్దరితో, ఆరేళ్ల పిల్లతో ఆ పద్ధతి సాగదు. అక్కడి హోటళ్లలో ఉదయం పది, పదకొండు గంటల లోపల గది ఖాళీ చేయాలి. కొత్త ఊళ్లో మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గాని గది ఇవ్వరు. అంటే ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలంతా సామానుతోనే గడిచిపోతుంది. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసిన కాలంలో బ్రెన్నర్ కనుమ మీదుగా వెరోనాకు వచ్చే పగటి రైలెక్కి మేము ఆ ప్రాంతమంతా నిదానంగా తిరిగాము కనుక, ఏ ఊళ్లో పగలు చూసి రావచ్చో, ఏ ఊళ్లో రాత్రి ఉండి తీరాలో నాకు కొంత స్పష్టంగా తెలుసు. ఆ తేడానే నీకు వివరంగా రాయాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కోమో సరస్సు, వెనిస్ వంటి చోట్లకు ఉదయం పది దాటాక జనం రైళ్లలోనూ బస్సుల్లోనూ దిగి, సాయంత్రానికి వెళ్లిపోతారు. అక్కడ రాత్రి బస చేసిన వారికి మాత్రమే తెల్లవారుజామూ, దీపాలు పెట్టిన తర్వాతి వేళా దక్కుతాయి. కాబట్టి అలాంటి చోట్ల కొంచెం ఎక్కువ ఖర్చయినా ఊరి మధ్యనే ఉండాలి. మిగిలిన పట్టణాలను రైలు సౌకర్యం బాగున్న ఒక్క ఊళ్లో మకాం పెట్టి చూసి రావాలి. నా ఎంపిక ఇది: దిగిన రోజు మిలాన్‌లో ఒక రాత్రి, వరెన్నాలో రెండు, వెరోనాలో నాలుగు, పర్వతాల్లో ఓర్టిసేయిలో మూడు, చివరకు వెనిస్‌లో రెండు. తిరుగు విమానం వెనిస్ నుంచే తీసుకుంటే మళ్లీ మిలాన్‌కు వెనక్కి రావలసిన పని ఉండదు.

మిలాన్ గురించి ఎక్కువ రాయను. విమానాశ్రయం రైలు నేరుగా సెంట్రాలే స్టేషన్‌కు వస్తుంది. ఆ స్టేషన్‌కు నడక దూరంలో ఏదైనా శుభ్రమైన హోటల్ చాలు. ఒక్క జాగ్రత్త ఉంది: సెప్టెంబరు చివర్లో అక్కడ ఫ్యాషన్ వారం జరుగుతుంది, ఆ రోజుల్లో గదుల ధరలు విపరీతంగా పెరుగుతాయి, కనుక టికెట్లు కొనే ముందే ఆ తేదీలు చూసుకో.

కోమో సరస్సు దగ్గర అందరూ బెల్లాజోలో గది వెతుకుతారు. అందమైన ఊరే, కాని దానికి రైలు లేదు. సరస్సు తూర్పు ఒడ్డున ఉన్న వరెన్నాకు సెంట్రాలే నుంచి గంటలో రైలు చేరుతుంది. లెక్కో దాటాక ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే సరస్సు వెంటే వెళ్తారు. వరెన్నా నుంచి బెల్లాజోకు పడవలో పావుగంట. పగలు అక్కడికి వెళ్లి చూసి, సాయంత్రం జనం తగ్గాక మీ ఊరికి మీరు తిరిగి రావచ్చు. అయితే వరెన్నా కొండ వాలున ఉన్న ఊరు, సందులన్నీ మెట్లే. మీ నాన్న మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని, పడవల రేవుకు దగ్గరగా, రేవుతో సమానమైన ఎత్తులో ఉన్న గదినే అడుగు. పైనున్న గది నుంచి సరస్సు ఇంకా బాగా కనిపిస్తుందని ఇంటివారు చెబుతారు. నిజమే, కాని రోజూ ఆ మెట్లు ఎక్కి దిగవలసింది మీ నాన్న.

ఇక వెరోనా. ఉత్తర ఇటలీలో ఒకే ఒక్క ఊళ్లో ఉండమంటే నేను దానినే ఎంచుకుంటాను. నేల చదునుగా ఉంటుంది, పాత ఊరిని అడీజే నది వంపు తిరిగి చుట్టుకుని ఉంటుంది, మిలాన్–వెనిస్ రైలు మార్గమూ బ్రెన్నర్ మార్గమూ అక్కడే కలుస్తాయి. వెనిస్ గంటకు కొంచెం ఎక్కువ, పడువా ఇంకా దగ్గర, గార్డా సరస్సు ఒడ్డున ఉన్న పెస్కియేరా పావుగంట, మాంతువా ముప్పావుగంట. పడువాలో జొత్తో అనే పాతకాలపు చిత్రకారుడి గోడచిత్రాలున్న స్క్రోవెన్యి ప్రార్థనాలయానికి మాత్రం ముందుగా సమయం కేటాయించుకోవాలి. లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే అయినా ఆ ప్రయాణం వదులుకోవద్దు. వెరోనాలో రోమన్ల కాలపు అరేనాలో 1913 నుంచి వేసవి సంగీత నాటకాల ఉత్సవం జరుగుతోంది, అది సెప్టెంబరు మొదటి రోజుల దాకా సాగుతుంది. ఆ రాత్రుల్లో ధరలు ఎక్కువ, ప్రదర్శన ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మీకు నాటకం చూడాలని ఉంటే అరేనా ఉన్న బ్రా చౌక్ నుంచి నడిచి రాగల గది తీసుకో. లేకుంటే ఉత్సవం ముగిశాకనే వెళ్లు.

వెరోనాలో నాకు ఇష్టమైన పేట సాన్ జేనో. ఆ పేరు గల పాత బాసిలికా (పెద్ద చర్చి) చుట్టూ స్థానికులు కాపురం ఉండే వీధులు, సాయంత్రం అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్లు, పొద్దున్నే తెరిచే కాఫీ దుకాణాలు ఉంటాయి. అరేనాకు నడిచి వెళ్లవచ్చు, కాని రాత్రి గోల వినిపించదు. నది అవతల వెరొనెత్తా పేటలో విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ అద్దెలు కొంచెం తక్కువ. ఇక్కడ మీరు హోటల్ గదులు కాక, వంటగది, బట్టలుతికే యంత్రం ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవాలి. నాలుగు రాత్రులుంటారు కనుక అది ఖర్చులోనూ కలిసి వస్తుంది, మీ అమ్మకూ ఊరట.

మీ అమ్మ శాకాహారం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇటలీలో మాంసం లేని వంటకాలు దొరకడం కష్టమేమీ కాదు గాని, పైకి కనిపించనివి కొన్ని ఉంటాయి. రిసోట్టో అన్నాన్ని తరచు మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు, పియదీనా రొట్టెలో పంది కొవ్వు కలపడం పాత పద్ధతి, పర్మిజానో జున్నును దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. వీటి గురించి ప్రతి పూటా హోటల్లో విచారించడం పెద్దావిడకు విసుగు పుట్టిస్తుంది. రోజుకు ఒక పూట ఇంట్లో వండుకుంటే ఆ బాధ ఉండదు. పో నదీ మైదానంలో వెర్చెల్లి, నొవారా, పావియా జిల్లాలు వరి పండించే సీమ; ఐరోపాలో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయే. వసంతంలో రైలు కిటికీలోంచి నీళ్లు పెట్టిన మడులు చూసి మీ పెద్దమ్మ గోదావరి జిల్లానే తలచుకునేది. అయితే దుకాణంలో ఎక్కువగా దొరికే అర్బోరియో, కర్నరోలీ బియ్యం ముద్దగా అవుతాయి. మన అన్నానికి బాస్మతి ప్యాకెట్టు అడిగి తీసుకో. క్రెమోనా, మాంతువా ప్రాంతాల పాడి పరిశ్రమలో పంజాబీలు చాలామంది పనిచేస్తున్నారు కనుక అటువైపు పట్టణాల్లో మన పప్పులు, మసాలాలు అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి. ఒక చిన్న కుక్కరు, కొంచెం పోపు సామాను ఇంటి నుంచే పట్టుకెళ్తే మంచిది.

వెరోనా నుంచి బొల్సానోకు రైలులో సుమారు గంటన్నర, అక్కడి నుంచి ఓర్టిసేయికి బస్సు. ఆ సీమ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1919 ఒప్పందంతో ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చింది. అందుకే ఇప్పటికీ అక్కడ జర్మన్, ఇటాలియన్, ఓర్టిసేయి ఉన్న గార్డేనా లోయలో లదీన్ అనే మూడు భాషలు మాట్లాడతారు. అక్కడి బసలు మిగిలిన ఇటలీ కంటే వేరుగా ఉంటాయి. కుటుంబాలే తరతరాలుగా నడుపుతున్న చిన్న హోటళ్లు, చెక్క వాసన వేసే గదులు, ఉదయం ఫలహారానికి రొట్టెలు, పెరుగు, పండ్లు నిండుగా ఉంటాయి. కింది మైదానంలో కాఫీ, ఒక తీపి రొట్టెతోనే ఉదయం గడిపేస్తారు. రాత్రి భోజనం కూడా కలిపి ఇచ్చే పద్ధతి ఉంటే తీసుకో, శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాయి. చాలా చోట్ల బస చేసినవారికి బస్సుల్లోనూ స్థానిక రైళ్లలోనూ ఉచితంగా తిరిగే కార్డు ఇస్తారు, దాని గురించి అడగడం మరిచిపోవద్దు. ఓర్టిసేయి నుంచి కేబుల్ కారులో పైకి వెళ్తే ఆల్పే ది సియూసి పచ్చిక మైదానం. అంత ఎత్తున అంత విశాలమైన పచ్చిక ఐరోపాలో మరొకటి లేదు. మీ నాన్న సైతం సమతలంగా ఉన్న బాటల మీద హాయిగా నడవగలడు.

పల్లె ఇంట్లో ఉండాలని కోడలికి కోరిక ఉందని రాశావు. ఓర్టిసేయి ఉన్న ఆ రాష్ట్రంలో రైతుల సంఘం ఎర్ర కోడిపుంజు గుర్తుతో రైతు ఇళ్ల బసలను నడుపుతుంది, అవి నమ్మదగినవి. పాపకు ఆవులూ దూడలూ ఎంతో సంతోషం. కాని కొన్ని ఊరికి దూరంగా కొండ మీద ఉంటాయి, బస్సు ఆగే చోటు నుంచి ఎంత దూరమో తెలుసుకోకుండా తీసుకోవద్దు. కారు అద్దెకు తీసుకునే ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పాత ఊళ్ల నడిబొడ్డున బయటి కార్లకు ప్రవేశం లేని ప్రాంతాలుంటాయి, కెమెరాలు ఫొటో తీస్తాయి, నెలల తర్వాత జరిమానా ఇంటికి వస్తుంది. పర్వతాల మీది విశ్రాంతి గృహాల్లో ఒక రాత్రి గడపడం మరచిపోలేని అనుభవం, ముఖ్యంగా 2,752 మీటర్ల ఎత్తున ఉన్న లగజువోయీలో. అక్కడికి ఫల్సారెగో కనుమ నుంచి కేబుల్ కారు ఉంది. అది కొర్తీనా అనే మరో పర్వత పట్టణం వైపు ఉంది కనుక ఈసారికి వద్దు. మీ ఇద్దరే వెళ్లినప్పుడు, దుప్పటి సంచి పట్టుకుని వెళ్లండి.

వెనిస్ విషయంలో నీ ప్రణాళికతో నేను ఏకీభవించను. డబ్బు ఆదా అవుతుందని, వెనిస్‌కు ఇవతల నేల మీద ఉన్న మెస్త్రేలో గది చూశావు. అక్కడి నుంచి రైలు పది నిమిషాలే, శుభ్రమైన హోటళ్లూ ఉన్నాయి, నాలుగైదు రోజులైతే నేనే అక్కడ ఉండమనేవాణ్ణి. కాని రెండు రాత్రులకు, అందులోనూ మీ అమ్మానాన్నలు జీవితంలో ఒక్కసారి చూసే చోట, నీళ్ల మధ్యనే ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత, ఉదయం ఏడుకు ముందు ఆ కాలువల పక్కన నడిస్తే అది వేరే నగరం. సామాను ఇబ్బంది తప్పించే మార్గం చెబుతాను. వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు ప్రతి వంతెనకూ మెట్లు. సాంతా లూచియా స్టేషన్ నుంచి ఎడమకు తిరిగి కన్నరేజో పేటలోకి నడిస్తే గూల్యే వంతెన దాకా మరో వంతెన అడ్డు రాదు. ఆ ఒక్క వంతెన దాటి చేరగల బస చూడు. పక్కనే 1516లో ఏర్పడిన యూదుల పేట ఉంది, సాయంత్రం అక్కడి చౌక్‌లో పిల్లలు ఆడుకుంటారు, పాపకూ తోడు దొరుకుతుంది. కింది అంతస్తు గది మాత్రం వద్దు, చెమ్మ ఉంటుంది. 2019 నవంబరులో వచ్చినంత పోటు సెప్టెంబరులో సాధారణంగా రాదు, 2020 నుంచి పోటును ఆపే సముద్రపు ద్వారాలు కూడా పనిచేస్తున్నాయి, కనుక వరద గురించి భయపడవలసింది లేదు. 2024 నుంచి కొన్ని రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. రాత్రి బస చేసేవారికి అది లేదు.

చింక్వే తెర్రే అనే సముద్రపు ఒడ్డు కొండ ఊళ్లను ఈసారికి వదిలెయ్యి. వాటిలో ఒకటైన కొర్నీలియాలో స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలోనే మూడు వందల డెబ్బైకి పైగా మెట్లున్నాయి. టురిన్, బొలోన్యా చాలా మంచి ఊళ్లు, మరో ప్రయాణానికి అట్టిపెట్టుకో.

గది ఎంచుకునేటప్పుడు నక్షత్రాల సంఖ్య చూడకు. అదే నెలలో కుటుంబంతో ఉండివచ్చినవారు రాసిన కొత్త అభిప్రాయాలు చదువు. ఒకరు ఫిర్యాదు చేస్తే వదిలెయ్యవచ్చు, నలుగురు ఒకే మాట అంటే నమ్మాలి. ఇంటివారికి ఉత్తరం రాసి లిఫ్ట్ ఉందా అని మాత్రమే అడగకు; లిఫ్ట్ దగ్గరకు చేరడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో అడుగు. పాత భవనాల్లో పది పన్నెండు మెట్లెక్కాక గాని లిఫ్ట్ కనిపించదు. సెప్టెంబరు మొదట్లో మైదానంలో ఎండ ఉంటుంది కనుక మిలాన్, వెరోనా, వెనిస్‌లలో ఏసీ తప్పనిసరి. పర్వతాల్లో అవసరం లేదు. స్నానాల గదిలో నీళ్ల సౌకర్యం గురించి మీ అమ్మానాన్నలు దిగులు పడనక్కరలేదు. ఇళ్లలో బిడే (కడుక్కోవడానికి వాడే నీళ్ల తొట్టి) ఉండాలని 1975 నుంచే అక్కడ నియమం ఉంది. ప్రకటనలో ప్రభుత్వ గుర్తింపు సంఖ్య లేని అపార్ట్‌మెంట్ జోలికి పోవద్దు, 2025 నుంచి అది ఉండి తీరాలి. గదిలో దిగగానే అందరి పాస్‌పోర్టులు అడుగుతారు, పోలీసులకు వివరాలు పంపడం వారి బాధ్యత కనుక సందేహించకుండా ఇవ్వు. ఊరి పన్ను మనిషికి, రాత్రికి ఇంతని వేరుగా అక్కడే కట్టాలి. పిల్లలకు మినహాయింపు ఏ వయసు దాకా అన్నది ఊరిని బట్టి మారుతుంది. కొందరు నగదే అడుగుతారు, కొంచెం చేతిలో ఉంచుకో.

వీసాకు ప్రతి రాత్రికీ బస రుజువు చూపాలి. అందువల్ల రుసుము లేకుండా రద్దు చేసుకోగల గదులనే ముందు తీసుకో, ప్రతి కాగితం మీదా మీ ఐదుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా చూడు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వేసవిలో రద్దీ కాబట్టి ఏప్రిల్ లోపలే పూర్తి చెయ్యి. ముందుగా వెనిస్, వరెన్నా బుక్ చెయ్యి, మంచి గదులు అక్కడే తొందరగా అయిపోతాయి. తర్వాత ఓర్టిసేయి, ఆఖరున వెరోనా, మిలాన్. గూల్యే దగ్గర నీకు నచ్చిన రెండు మూడు ఇళ్ల వివరాలు నాకు పంపు. ఆ వీధులు నాకు పరిచయమే కనుక ఏది మీ నాన్నకు అనువుగా ఉంటుందో చూసి చెబుతాను.

ఇట్లు,
పెదనాన్న