ఒసాకానా, ఓసకనా? జపనీస్ మాటలు తెలుగులో రాయడం

సందేహం: మా అమ్మాయి జపనీస్ నేర్చుకుంటోంది. పాఠాలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటుంటే ప్రతి మాట దగ్గరా చిక్కే. పత్రికల్లో టోక్యో, ఒసాకా, సునామీ అని చూస్తాం. వాళ్ల టీచర్ పలికితే తోక్యో, ఓసక, త్సునమి అన్నట్టు వినిపిస్తోంది. ఏది సరైనది? జపనీస్ మన ద్రావిడ భాషలకు చుట్టమని కూడా ఎవరో అన్నారు, నిజమేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: మీ అమ్మాయి చెవి బాగుందండి, టీచర్ పలికినదాన్నే నమ్మమనండి. పత్రికల్లో మనం చూసే రూపాలు జపనీస్ విని రాసినవి కావు, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి రాసినవి. జపనీస్‌లో అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. ప్రతిదానికీ హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి, ఆ తేడాతో అర్థమే మారిపోతుంది. ‘ఒజిసన్’ అంటే మావయ్యో బాబాయో, ‘ఒజీసన్’ అంటే తాతయ్య. ‘యుకి’ మంచు, ‘యూకి’ ధైర్యం. అమెరికన్ మిషనరీ జేమ్స్ హెప్‌బర్న్ తన నిఘంటువు 1886 నాటి మూడో కూర్పులో దీర్ఘాల నెత్తిన గీత పెట్టాడు గానీ, రోజువారీ ఇంగ్లీషు రాతలో ఆ గీత రాలిపోయింది. గీత పోయిన స్పెల్లింగ్‌ని చూసి మనం ఎక్కడ తోస్తే అక్కడ దీర్ఘం పెట్టుకున్నాం. ఒసాకానే చూడండి, అసలు పలుకు ‘ఓసక’. దీర్ఘం ఉన్నచోట హ్రస్వం పెట్టాం, హ్రస్వాలున్న రెండు చోట్లా దీర్ఘాలు పెట్టాం, అంటే మూడు అక్షరాల్లో మూడూ తప్పే! నాగసాకి అసలు ‘నగసకి’. పాత రాజధాని నారా అసలు ‘నర’.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ పని ఇంగ్లీషుకి కష్టం, హిందీకీ కొంత కష్టమే (దానికి ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు కదా), మనకు మాత్రం చాలా సులువు. ఐదు అచ్చులకూ హ్రస్వదీర్ఘాలు మన లిపిలో సిద్ధంగా ఉన్నాయి. అవి చేతిలో పెట్టుకుని ఇంగ్లీషు కళ్లద్దాల్లోంచి ఎందుకు చూడాలి?

ఇక ట-త సంగతి. ఇంగ్లీషువాళ్ల ‘టీ’ పళ్లకు కాస్త వెనక పలుకుతుంది, మన చెవికి అది ట. జపనీస్‌లో నాలుక పళ్లను తాకుతుంది, కాబట్టి మనకు త, ద దగ్గర. టొయోటా వాళ్ల నోట ‘తొయొత’, హోండా ‘హొంద’, క్యోటో ‘క్యోతొ’. జపనీస్‌లో ట, డ, ణ, ళ లాంటి మూర్ధన్యాలు అసలు లేవు. నోట్సులో ఎక్కడైనా ట కనిపిస్తే అది ఇంగ్లీషు దారిలో వచ్చిందని అనుమానించమనండి.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది సునామీ. మొదటి అక్షరం స కాదు, మీరు రాసినట్టు త్స అని రెండు హల్లులూ కాదు, ఒకే ధ్వని. అది మనకు కొత్తది కూడా కాదు. ‘చాప’ అనండి, ‘చేప’ అనండి. రెంటికీ ఒకే చ రాస్తాం గానీ చాపలో నాలుక పళ్ల దగ్గర ఉంటుంది, చేపలో వెనక్కి వెళ్తుంది. ఆ చాపలోని చ కోసం పాతవాళ్లు చ నెత్తిన గుర్తు పెట్టి ‘ౘ’ అని రాశారు, జడ, జుట్టులోని జ కోసం ‘ౙ’ రాశారు. జపనీస్‌లో త వరుస ఎలా నడుస్తుందంటే: త, చి, ౘు, తె, తొ. ఇ ముందు చిలకలోని చి, ఉ ముందు చుక్కలోని ౘు. మన అచ్చతెలుగు మాటల్లోనూ ఇ ముందు తాలవ్యం, ఉ ముందు దంత్యం, సరిగ్గా అదే తీరు! కాబట్టి ‘ౘునమి’ అని రాసి చుక్కని పలికినట్టే పలకమనండి, చాలు. సుజుకిలో జు కూడా జుట్టులో జు లాంటిదే. పిల్లల వాచకాల్లోంచి జారిపోయిన ఈ రెండు అక్షరాలు జపనీస్ నేర్చుకునే తెలుగు పిల్లలకు భలే పనికొస్తాయి.

సున్న కూడా అలాంటిదే. పంపు, కంచె, గంట, వంద అనే మాటల్లో ఒకే సున్నని నాలుగు రకాలుగా పలుకుతాం, తరవాతి హల్లుని బట్టి. జపనీస్‌లో మాట మధ్య అనునాసికం కూడా అంతే: ‘శింబున్’ అంటే వార్తాపత్రిక, ‘గింకో’ అంటే బ్యాంకు. ఒక్క జాగ్రత్త, స ముందు సున్న పెడితే మనవాళ్లు సంసారంలో లాగా చదువుతారు, అక్కడ ‘సెన్సే’ అని న్ రాయడమే మేలు. ద్విత్వాలకైతే చెప్పేదేమీ లేదు. కల-కల్ల తేడా తెలిసినవాళ్లకు ‘కితె’ (రా), ‘కిత్తె’ (తపాలా బిళ్ల) తేడా ఇట్టే అందుతుంది. హిరోషిమాలోని షి నిజానికి శి. ల లేదు, ర ఒక్కటే ఉంది, అందుకే మన భాష పేరు కూడా వాళ్ల నోట ‘తెరుగు’ అవుతుంది. పరాయి మాటల చివర అచ్చు చేర్చుకోవడంలో మాత్రం ఇద్దరం ఒకటే, మనకు బస్సు, బెంచీ, వాళ్లకు ‘బసు’, ‘బెంచి’.

ఇన్ని పోలికలు చూస్తే చుట్టరికం ఉందేమో అనిపించడం సహజం. క్రియ వాక్యం చివర రావడం, విభక్తులు నామం వెనక చేరడం కూడా కలుస్తాయి. ఓనొ సుసుము అనే జపాన్ పండితుడు (ఓనొ ఇంటిపేరు, మనలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందు) జపనీస్‌కీ తమిళానికీ సంబంధం ఉందని ఏళ్ల తరబడి వాదించాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. వాక్యం అమరిక టర్కిష్‌లోనూ ఇలాగే ఉంటుంది. చుట్టరికం తేలాలంటే మూలపదాల్లో ధ్వనులు ఒక పద్ధతిగా సరిపోలాలి, అది కుదరలేదు.

నిజమైన బంధం వేరేచోట ఉంది. వాళ్ల వర్ణమాల వరుస అ, క, స, త, న, హ, మ, య, ర, వ. మన క-చ-ట-త-ప క్రమం పోలిక తెలుస్తోంది కదా? బౌద్ధ భిక్షువులు మంత్రాల కోసం ‘సిద్ధం’ అనే పాత భారతీయ లిపినీ సంస్కృత ధ్వనులనూ చదువుకున్నారు, ఆ చదువే ఈ వరుసకు దారి. మన ప ఉండాల్సిన చోట హ కూర్చుందేమిటంటే, ఆ ధ్వని ఒకప్పుడు ప. కాలక్రమంలో పెదవుల మధ్య గాలిగా మారి, చివరకు హ అయింది. ఉ ముందు మాత్రం ఆ పెదవుల గాలి ఇప్పటికీ మిగిలింది, ఫుజి పర్వతం పేరులో వినండి.

మరి ఏం రాయాలి? వార్తల్లో, ఉత్తరాల్లో టోక్యో, సునామీ, హోండా అనే రాయండి. 2004 డిసెంబరు 26న అల మన తీరాన్ని తాకిన నాటి నుంచి సునామీ తెలుగు మాటైపోయింది, దాన్ని ఇప్పుడు దిద్దాల్సిన పని లేదు. కొత్తగా తెలుగులోకి వచ్చే పేర్లను మాత్రం వాళ్ల పలుకును బట్టే రాయాలని నా పట్టు. మాట చివర హ్రస్వ ఒకారం మన కంటికి అలవాటు లేదు కాబట్టి పత్రికలో ‘క్యోతో’ అన్నా సర్దుకోవచ్చు. మీ అమ్మాయి నోట్సులో మాత్రం ‘క్యోతొ’ అనే ఉండాలి. స్వరం ఎత్తు-దింపు మన లిపిలో పట్టుబడదు: తోక్యో యాసలో ‘హశి’ అన్న మాట మొదట ఎత్తి దింపితే తినే పుల్లలు, కింద మొదలుపెట్టి ఎత్తితే వంతెన. అలాంటి చోట ఎత్తిన అక్షరం మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోమనండి. ఇంకో నెలలో హిరగన (జపనీస్ వాళ్ల సొంత లిపుల్లో ఒకటి) అక్షరాలు చదవడం వచ్చేస్తే, కొత్త పాఠాలు నేరుగా వాటిలోనే రాసుకోమనండి.