పొరక ఎవరి చేతిలో ఉంది?

"పిల్లలకు సొంత బాధ్యత, తోటివాళ్లను పట్టించుకోవడం బడిలో ఎలా నేర్పాలి?" అని అడిగారు. నేను హన్మకొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను కాబట్టి ఇది నా సబ్జెక్టే. రాజ్యాంగంలో 51ఏ అధికరణ మా పిల్లలకు కంఠతా వచ్చు. 1976లో 42వ సవరణతో పది ప్రాథమిక విధులు, 2002లో 86వ సవరణతో పదకొండోది, అన్నీ గడగడా అప్పజెప్తారు. ప్రజల ఆస్తిని కాపాడాలని పరీక్షలో రాసి, లేచేటప్పుడు అదే బెంచీ మీద కంపాస్‌తో పేరు చెక్కుతారు. పాఠం చెప్తే బాధ్యత రాదు. ఈ విషయంలో నాకు అనుమానమే లేదు.

2023 జులై వానలు గుర్తున్నాయా? మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్న వారం. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది కూడా అప్పుడే. మా బడి లోతట్టున ఉంటుంది. సెలవులయ్యాక తలుపు తీస్తే గచ్చంతా చీలమండ లోతు బురద, గోడల మీద నీళ్లు నిలిచిన గీత, కింది అరలో పుస్తకాలు అట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఊడ్చే మనిషి మాకు లేడు. తొమ్మిదో తరగతిని పిలిచి, అలవాటుగా ఆడపిల్లలకు పొరకలు, మగపిల్లలకు బెంచీలు అప్పజెప్పాను. వాళ్లు పది నిమిషాల్లో బెంచీలు బయట పడేసి వేపచెట్టు కిందికి పోయారు. వీళ్లు గంట దాటినా వంగే ఉన్నారు. ఒకమ్మాయి నడుం పట్టుకుని లేచి, "సార్, ఊడ్చుడు ఎప్పుడూ మాకేనా?" అంది. కోపంగా కూడా కాదు, రేపు స్లిప్ టెస్టు ఉందా అని అడిగినట్టు.

నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. ఇన్నేళ్లలో నేను పొరక ఇచ్చింది ఆడపిల్లలకు, లేదంటే వాళ్లమ్మ నాలుగిళ్లలో ఊడ్చి తుడిచే పిల్లలకు. ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి అటే పోయేది. సమానత్వం మీద యూనిట్ చెప్పే చెయ్యే అది.

మర్నాడు చీటీలు రాశాం. క్లాసులో అందరి పేర్లూ, నాదీ. పనులు: ఊడ్చడం, బోర్డు, నీళ్ల డ్రమ్ము, చేతులు కడుక్కునే దగ్గర మోరీ. మొదటి వారమే మోరీ నాకు పడింది! ప్యాంటు మడిచి కర్రతో పొడిస్తే మెతుకులు, కరివేపాకు, ఎవరిదో పెన్ను మూత బయటికొచ్చాయి. పిల్లలు చుట్టూ చేరి ఒకటే నవ్వు. అప్పటి నుంచి మోరీలో మెతుకులు తగ్గాయి, రేపు చీటీ ఎవరికి పడుతుందో తెలియదు కదా. దాన్ని దయ అనండి, భయం అనండి, నాకు తేడా లేదు.

అసలు గొడవ తల్లిదండ్రులతో. జపాన్ పిల్లలు బడి తుడుచుకునే వీడియోను క్లాస్ గ్రూపులో నెలకోసారి పెట్టి దండం బొమ్మ వేసే ఒకాయనే, కొడుక్కి పొరక పడిన రోజు బడికొచ్చాడు. "మావోడు ఇంట్ల తిన్న కంచం కూడ తియ్యడు సార్, మీరు ఊడిపిస్తరా?" అన్నాడు. అదేదో గొప్ప అయినట్టు! కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, చీటీల డబ్బా చూపించి, నా పేరు వెతికి తీసి ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకోబోయాడు, మళ్లీ అడిగి తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత గ్రూపులో జపాన్ వీడియోలు మాత్రం రావడం లేదు. పంద్రాగస్టుకు కొత్త పొరకలు కొని, ఊడ్చిన చోటే ఆకులు పోసి ఫోటో దిగే పెద్దల గురించి ఇంకోసారి రాస్తా, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.

ఆ అమ్మాయి పది పాసై వెళ్లిపోయింది. డబ్బా నా బీరువాలోనే ఉంది. నా పేరు చీటీని ఎట్లా మడుస్తున్నారో ఏమో, నెలకు రెండుసార్లు మోరీ దగ్గరే తేలుతున్నాను.