కోరంగి మడ అడవికి గైడ్ కావాలా? ముందు పాటు వేళ చూసుకోండి

డిసెంబరులో పిల్లలతో కాకినాడ వస్తున్నామని, కోరంగి మడ అడవిలో చెక్కదారి మీద మీరే తిరిగి వచ్చేస్తే సరిపోతుందా, గైడ్‌ని పెట్టుకోవాలా అని అడిగారు. నేను రెండు రకాలుగానూ వెళ్లాను. తప్పకుండా పెట్టుకోండి. అయితే అంతకంటే ముఖ్యం, సముద్రపు నీరు పైకెక్కే పోటు వేళకి వెళ్తున్నారా, దిగిపోయే పాటు వేళకి వెళ్తున్నారా అన్నది.

మొదటిసారి మేం ఆదివారం భోజనాలయ్యాక వెళ్లాం. నిండు పోటు మీద ఉంది. చెట్ల మొదళ్లు మునిగిపోయి ఉన్నాయి, దారి నిండా జనం. అరగంటలో ఆ చివరి దాకా నడిచి, ఫొటోలు తీసుకుని వచ్చేశాం. "ఇందులో జంతువులే లేవా నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

రెండోసారి జనవరిలో వెళ్లాం. దగ్గరి ఊరి మత్స్యకారుడు ఒకాయన తోడు వచ్చారు. చిన్నప్పటి నుంచీ ఆ కాలవల్లో పీతలు పట్టిన మనిషి. పాటు వేళ చూసి పొద్దున్నే రమ్మన్నది ఆయనే. నీరు దిగిపోయి బురదంతా బయటపడింది. వంద అడుగులు వేశామో లేదో ఆపేసి, "ఇక్కడే నిలబడండి. మాట్లాడకండి. అయ్యే వస్తాయి" అన్నారు.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక కన్నంలోంచి చిన్న పీత తొంగిచూసింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే బురదంతా పీతలే. మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దది, దాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తున్నాయి. చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకోవడం, అందులో తినేది తిని మిగతాది ఉండలా పక్కన పడేయడం. వాటి మధ్యలో బురద మీద గెంతే చేపలు. ఒంటి తడి ఆరనంత సేపు ఇవి చర్మంతోనే గాలి పీల్చుకోగలవు. మా అమ్మాయి నలభై నిమిషాలు అక్కడి నుంచి కదల్లేదు.

ఆయన మడ ఆకు ఒకటి చూపించి, నాలిక ఆనించమన్నారు. ఉప్పగా ఉంది! వేళ్లు పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుందట. ఉప్పుపొన్న అనే ఇంకో రకం మడ చెట్టుకి మునక్కాడల్లా వేలాడుతున్నవి కాయలు కావు, చెట్టు మీదే మొలకెత్తిన మొక్కలు. ఒక్క జాగ్రత్త: ఏ ఆకునీ మీ అంతట మీరు తుంచొద్దు. అక్కడ తిల్ల చెట్లున్నాయి, వాటి పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. చిదంబరానికి తిల్లై అనే పేరు ఈ చెట్టు వల్లనే వచ్చింది.

బావురుపిల్లి (నీళ్లలో చేపలు పట్టే అడవి పిల్లి) కనబడుతుందని మాత్రం పిల్లలకి ఆశ పెట్టకండి. అది ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది. మాకు కాలవ ఒడ్డున దాని అడుగులు దొరికాయి, మెత్తటి బురదలో గోళ్ల గుర్తులతో సహా. మామూలు పిల్లిలా దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ఆ గుర్తులు చూపించి చెప్పే మనిషి లేకపోతే మేం వాటిని దాటుకుంటూ వెళ్లిపోయేవాళ్లం. నీటికుక్కలు పగలు కూడా కనబడొచ్చు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో మనం నడిచేది చిన్న ముక్కే. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనేవారు, అంత పేరున్న ఊరు. 1839 నవంబరు తుపానుకి సముద్రం మీదికొచ్చి ఆ రేవు పోయింది. అక్కడ నిలబడి ఇది వింటే మడ చెట్లని చూసే చూపే మారిపోతుంది.

ఇక మీ ప్రయాణానికి: కాకినాడ రేవు పోటుపాట్ల వేళలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఈ వేళలు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి, కాబట్టి మీరు వెళ్లే రోజువే చూడండి. పాటుకి గంట ముందు అక్కడుండేలా బయల్దేరండి. పడవ ఎక్కాలనుంటే నీళ్లు కావాలి, అందుకని ముందు నడక పెట్టుకుని పోటు మొదలయ్యాక పడవ అడగండి. డిసెంబరు కాబట్టి వలస పక్షులు కూడా ఉంటాయి, బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. పిల్లలకి నిండు చేతుల చొక్కాలు వేయండి, దోమలు గట్టిగా ఉంటాయి.