హ్యాండిల్ గాడిలో పడితే కానోపీ లాక్ అయినట్టేనా?

కానోపీ అంటే పైలట్ కూర్చునే చోటి మీద ఉండే అద్దంలాంటి మూత. దాని గురించి అడిగిన ప్రశ్న ఇది: "సొంతంగా రెండు సీట్ల విమానం కడుతున్నాను. ప్లాన్‌లో కానోపీకి ఒకటే లాచ్ ఉంది. అది సరిపోతుందా? రెండో లాచ్ బదులు ప్యానెల్ మీద ఒక వార్నింగ్ లైట్ పెడితే చాలదా?"

చాలదు. రెండోది పెట్టండి. లైటు కూడా కావాలంటే పెట్టుకోండి, టేకాఫ్‌కి ముందు దానివల్ల ఉపయోగం ఉంది. గాల్లోకి లేచాక మాత్రం కానోపీ తెరుచుకుందని చెప్పడానికి లైటు అక్కర్లేదు, ఆ చప్పుడే చెబుతుంది. ఆ క్షణంలో కావలసింది దాన్ని పట్టి ఆపే ఇనప ముక్క.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా స్నేహితుడొకడు కట్టుకున్న విమానంలో నేను కుడి సీట్లో ఉండగా కానోపీ తెరుచుకుంది. ముందువైపు హింజ్‌లు ఉండి, వెనక అంచు పైకి లేచే రకం అది. రెండు సీట్ల మధ్య వెనకాల ఒక హ్యాండిల్ ఉంటుంది. దాన్ని తిప్పితే రెండు రాడ్లు కదిలి, చెరో పక్కా ఒక పిన్ను వెళ్లి బుష్‌లో, అంటే ఫ్రేమ్‌లో బిగించిన చిన్న గొట్టం రంధ్రంలో, దూరాలి. వాడు హ్యాండిల్ తిప్పాడు, అది టక్కున గాడిలో పడింది. అరచేత్తో కానోపీని ఒకసారి తట్టాడు. చెక్‌లిస్టులో "కానోపీ: మూసి ఉంది" అని పైకి చదివాడు. అన్నీ పద్ధతిగానే జరిగాయి.

రన్‌వే చివర దాటుతుండగా నా కుడి భుజం వెనక నుంచి సన్నగా ఈల మొదలైంది. తల తిప్పేలోపే పెద్ద చప్పుడు. కానోపీ వెనక అంచు జానెడు పైకి లేచి, పడిపోకుండా, మూసుకోకుండా అక్కడే ఊగుతూ నిలబడింది. కింద ఎప్పటినుంచో పేరుకున్న దుమ్మంతా లేచి కళ్లల్లో పడింది. మోకాలి మీదున్న చార్టు ఎటు పోయిందో కూడా చూడలేదు. గాలి హోరుకి ఇంజిన్ శబ్దం వినపడటం మానేసింది. ముక్కు కాస్త కిందికి వంగింది, విమానాన్ని నడిపే కర్ర, అంటే స్టిక్, సన్నగా వణకడం మొదలుపెట్టింది. లేచిన కానోపీ వెనక గాలి చెదిరి నేరుగా తోక మీదికి పోతుంది, ఆ వణుకు అక్కడిదే.

వాడి చెయ్యి ఇంజిన్ శక్తిని పెంచే థ్రాటిల్ వదిలేసి కానోపీ ఫ్రేమ్ మీదికి వెళ్లింది. భూమికి అంత దగ్గర్లో, అంత తక్కువ వేగంలో, చూపంతా పైన ఉంది. "దాన్ని వదిలెయ్ రా! ముక్కు చూడు, స్పీడ్ చూడు!" అని హెడ్‌సెట్ ఉన్నా గొంతు చించుకుని అరిచాను. వాడు వెంటనే చెయ్యి దించాడు. ఆ తర్వాత చాలా బాగా నడిపాడు: మెల్లగా వంపులు తిప్పుతూ రన్‌వే చుట్టూ పెద్ద సర్క్యూట్ వేసి, మామూలుకంటే కొంచెం ఎక్కువ వేగంతో రన్‌వే వైపు దిగుతూ వచ్చి దింపాడు. కానోపీ అలా ఊగుతూనే ఉంది.

దిగాక కుడివైపు బుష్ దగ్గర టార్చ్ వేసి చూశాం. బుష్ అంచు మీద నెలవంక ఆకారంలో, గోరంత, కొత్తగా మెరుస్తున్న గీత ఉంది. అంటే ఆ పిన్ను రంధ్రంలోకి అసలు వెళ్లలేదు, అంచు మీద కూర్చుంది. మరి హ్యాండిల్ గాడిలో ఎలా పడింది? మధ్యలో ఉన్న సన్నటి రాడ్ విల్లులా వంగి ఆ తేడాని మింగేసింది. హ్యాండిల్ చెప్పింది అబద్ధం. ఎడమ పిన్ను ఒక్కటే కాసేపు కాచింది, వేగం పెరిగాక అదీ జారిపోయింది.

పొద్దున షెడ్డులో నీడన చూసినప్పుడు అదే పిన్ను చక్కగా దూరింది. మధ్యాహ్నం దాకా విమానం ఎండలో ఉంది, తేడా అంతా అక్కడే వచ్చింది. కానోపీ అద్దం అక్రిలిక్ ప్లాస్టిక్, దాని ఫ్రేమ్ అల్యూమినియం. అక్రిలిక్ మీటరు పొడవుకి 40 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం అదే వేడికి 1 మిల్లీమీటరు కూడా సాగదు. ఈ రెండింటినీ కలిపి బిగించిన ఫ్రేమ్ ఏదో ఒక వైపు ఉబ్బక తప్పదు. కాబట్టి మీ లాచ్‌ని చల్లటి పూట ఒకసారి, విమానం బాగా కాలాక ఒకసారి సరిచూడండి. ఒక్క పూటే చూసి "ఫిట్ బాగుంది" అనుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకో అపోహ కూడా చాలామందిలో ఉంది. ఎదురుగాలి కానోపీని నొక్కి పట్టుకుంటుందని అనుకుంటారు. ముందు భాగం వరకు నిజమే. బుడగలా ఉబ్బిన పైభాగం మీద గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి దాన్ని పైకి తోస్తుంది. 100 నాట్ల (గంటకి సుమారు 185 కిలోమీటర్ల) వేగంలో ఎదురుగాలి ఒత్తిడే చదరపు మీటరుకి సుమారు 165 కిలోలు. పైభాగంలో అందులో సగం పీల్పు ఉన్నా, మీ లాచ్ ఒక మనిషి బరువుని మించి మోస్తున్నట్టే. వేగం రెట్టింపైతే అది నాలుగింతలు. నేల మీద చేత్తో పైకి తోసి చూసి తృప్తిపడే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

కానోపీ రకాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. వెనక్కి జరిగే స్లైడర్ అయితే సాధారణంగా కొంచెం జరిగి ఆగుతుంది, గాలీ చప్పుడూ తప్ప పెద్ద గొడవ ఉండదు. ముందు హింజ్ ఉన్నది నేను చూసినట్టు ఊగుతుంది. పక్కకి తెరుచుకునేది అన్నింటికన్నా చెడ్డది: గాలి ఒకసారి కిందకి దూరితే పూర్తిగా తిరగబడి విరిగిపోవచ్చు, ఆ ముక్క తోకకి తగలొచ్చు. ప్రొపెల్లర్ వెనకున్న విమానమైతే కాక్‌పిట్‌లోంచి ఎగిరిన ప్రతి వస్తువూ ప్రొపెల్లర్ దారిలోనే పోతుంది. బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ సరిగ్గా అలాంటిదే, పక్కకి తెరుచుకునే కానోపీ, వెనక ప్రొపెల్లర్. అందుకే దానికి అసలు లాచ్ కాకుండా విడిగా ఒక సేఫ్టీ క్యాచ్ ఉంది, లాచ్ వదిలినా కానోపీ కొద్దిగా లేచి అక్కడ ఆగేలా. కానోపీ లాక్ కాకుండా థ్రాటిల్ ముందుకి తోస్తే మోగే హారన్ కూడా ఉంది. సొంతంగా కట్టుకునే విమానాల కిట్లు అమ్మే వాన్స్ కంపెనీ ఆర్‌వీ-10 తలుపులు గాల్లో ఊడిపోయిన సంఘటనలు జరిగాక ఆ కంపెనీ కూడా అదనపు సేఫ్టీ లాచ్ తెచ్చింది. అంత అనుభవమున్నవాళ్లే రెండోది కావాలన్నప్పుడు మనం ఒకదానితో సరిపెట్టుకోవడం ఏమిటి?

ఇక్కడ నా మనసులో ఎప్పటినుంచో ఉన్న బాధ ఒకటి చెప్పాలి. సొంత విమానాలు కట్టేవాళ్లు స్క్రీన్ల మీద, పెయింట్ మీద, సీటు కుట్టు మీద నెలల తరబడి కూర్చుంటారు. లాచ్ మాత్రం చివర్లో, ఇంకో వారంలో మొదటి ఫ్లైట్ అనగా, చేతికి దొరికిన రాడ్‌తో తయారవుతుంది. అది సరిగ్గా పడకపోతే "ఎడమ మూల కొంచెం నొక్కి తిప్పితే పడుతుంది" అని ఒక చిట్కా పుడుతుంది. కట్టినవాడికి ఆ చిట్కా తెలుసు. కొనుక్కున్నవాడికి ఎవరు చెబుతారు? అమెరికాలో ప్రమాదాలపై దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో సొంత తయారీ విమానాల భద్రత మీద ఒక అధ్యయనం ప్రచురించింది. 2011లో వాళ్లు పరిశీలించిన ప్రమాదాల్లో సగానికి పైగా, కట్టినవాళ్ల దగ్గర్నుంచి ఇతరులు కొనుక్కున్న విమానాలవే. అవన్నీ లాచ్ వల్ల జరిగాయని నేననడం లేదు. చిట్కాతో పనిచేసే లాచ్ ఉన్న విమానాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని మాత్రం కచ్చితంగా అంటాను.

తెరుచుకుంటే ఏం చెయ్యాలో మీరు అడగలేదు, అయినా రాస్తున్నాను. గాల్లో తలుపు తెరుచుకోవడం గురించి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల ఎయిర్‌ప్లేన్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్‌ చెప్పేది ఇదే: చాలా సందర్భాల్లో తలుపుకంటే పైలట్ కంగారే ఎక్కువ ప్రమాదం. విమానం నడపడం మీదే దృష్టి పెట్టాలి, తలుపు అందుకోవడానికి బెల్టు విప్పకూడదు, హడావిడిగా దింపేయకూడదు. మా వాడి చెయ్యి పైకి వెళ్లడం నా కళ్లతో చూశాను కాబట్టి ఒకటి కలుపుతాను: ఆ చెయ్యి ఆలోచించి వెళ్లదు, దానంతటదే వెళ్తుంది. అందుకే ఇంజిన్ ఆపి, నేల మీద, పక్కవాడిని హఠాత్తుగా కానోపీ ఎత్తమని చెప్పి, చేతులు కదలకుండా కూర్చోవడం సాధన చెయ్యండి.

రెండో లాచ్ ఎలా ఉండాలంటే, మొదటి హ్యాండిల్‌తో గానీ రాడ్‌తో గానీ దానికి సంబంధం ఉండకూడదు. ఒకే రాడ్‌కి ఇంకో పిన్ను తగిలిస్తే అది రెండో లాచ్ కాదు. స్ప్రింగ్‌తో దానంతటదే పడే కొక్కెం మంచిది, కానోపీ రెండు వేళ్ల మందం లేచి ఆగిపోవాలి. పిన్ను బుష్‌లోకి దూరిందో లేదో సీట్లోంచే కనపడేలా ఒక కిటికీ రంధ్రం వదలండి, పిన్ను చివర ఎర్ర రంగు వేయండి. లైటు కోసం మైక్రోస్విచ్ (తగిలితే నొక్కుకునే చిన్న స్విచ్) పెడితే పిన్ను చివరే పెట్టండి. హ్యాండిల్ దగ్గర పెట్టిన స్విచ్, మా వాడి విమానంలో అయితే, దర్జాగా పచ్చలైటు చూపించి ఉండేది. చెక్‌లిస్టులో "మూసి ఉంది" కొట్టేసి, "రెండు పిన్నులూ చూశాను, పైకి తోసి చూశాను" అని రాసుకోండి. పక్క సీటువాళ్లు మూసినా పైలట్ చెయ్యి వేసి చూడాలి.

ఈ రెండు లాచ్‌లూ బయటి నుంచి కూడా తెరుచుకోవాలి. విమానం తిరగబడితే లోపలివాళ్లు తలకిందులుగా వేలాడుతుంటారు, కాపాడటానికి వచ్చినవాళ్లకి మీ లాచ్ సంగతి తెలియదు. బయట బాణం గుర్తు వేసి, ఎటు తిప్పాలో రాయండి. లోపల చేతికందేచోట కానోపీ పగలగొట్టే సుత్తి కట్టి ఉంచండి.

మీది ఏ రకం కానోపీయో రాయలేదు. పక్కకి తెరుచుకునేదైతే, రెండో లాచ్ బిగించేదాకా గాల్లోకి లేవకుండా రన్‌వే మీద వేగంగా నడిపి చూసే హై-స్పీడ్ టాక్సీ టెస్ట్ కూడా పెట్టుకోకండి.