కెమెరా పట్టుకుంటానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజనీరింగ్ వద్దు, సినిమాల్లో కెమెరా పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. అది మగవాళ్ల పని, రాత్రీ పగలూ షూటింగులు, రేపు సంబంధాలు కూడా రావని ఇంట్లో పెద్దవాళ్లంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: పిల్ల మాట కొట్టిపారేయకుండా అడిగారు, చాలా సంతోషమండీ.

ముందు ‘మగవాళ్ల పని’ సంగతి చూద్దాం. హిందీ సినిమాల్లో మేకప్ మగవాళ్లే వేయాలి, ఆడవాళ్లు హెయిర్ డ్రెస్సింగ్‌కే పరిమితం కావాలి అని అక్కడి మేకప్ కళాకారుల సంఘం దశాబ్దాల పాటు నిబంధన నడిపింది. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు సుప్రీంకోర్టుకెక్కితే 2014 నవంబరులో అది చెల్లదని తీర్పొచ్చింది. మేకప్ వేయడం కూడా ఆడవాళ్లకు తగదన్నారంటే, అది చేతనవడం, కాకపోవడం గురించిన మాట కాదు. పని ఎవరికి దక్కాలన్న లెక్క. కెమెరా దగ్గరా అంతే. బి.ఆర్. విజయలక్ష్మి గారు అశోక్ కుమార్ గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, 1985లో ఓ తమిళ చిత్రానికి సొంతంగా కెమెరా పట్టారు. ఆసియాలో తొలి మహిళా సినిమాటోగ్రాఫర్‌గా ఆమెనే చెబుతారు. మీ అమ్మాయి పుట్టకముందు మాట ఇది! బరువు గురించి భయం వద్దు. లైట్లు, ట్రాలీలు మోయడానికి వేరే మనుషులుంటారు. సినిమాటోగ్రాఫర్ పనంతా వెలుగును చదవడం, ఫ్రేము నిర్ణయించడం. ఎంపీసీలో చదివిన కటకాలు, కాంతి పాఠాలు ఇక్కడ బాగా పనికొస్తాయి.

అసలు చిక్కు వేరే ఉంది. మన దగ్గర కుర్రాళ్లు చాలామంది బాబాయి ద్వారానో, ఊరివాళ్ల ద్వారానో ఒక కెమెరామన్ దగ్గర చేరిపోతారు. యూనిట్‌తో పాటు తిరుగుతూ, ఏ గదిలోనో సర్దుకుని పడుకుంటూ పని నేర్చేసుకుంటారు. అమ్మాయికి ఆ దారి ఇరుకు. అందుకే ఇంటర్ కాగానే సెట్‌కు పంపొద్దని గట్టిగా చెబుతాను. ఆమెకు చదువు తప్పనిసరి. కోర్సు చేస్తే పనితో పాటు రేపు డైరెక్టర్లు, ఎడిటర్లు కాబోయే క్లాస్‌మేట్లు దొరుకుతారు. తర్వాత అవకాశాలు ఎక్కువగా వాళ్ల నుంచే వస్తాయి.

హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఇంటర్ తర్వాత ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, దానికి వేరే ఎంట్రెన్స్ రాయాలి. ఏ డిగ్రీ అయినా పూర్తయ్యాక పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ)లలో సినిమాటోగ్రఫీ మూడేళ్ల కోర్సు చేయొచ్చు. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. వీటికి ప్రయత్నించకుండా ప్రైవేటు కాలేజీకి లక్షల అప్పు చేయకండి.

భద్రత గురించి మీ భయం న్యాయమైనదే, తగ్గించి చెప్పను. మలయాళ సినిమాల్లో ఆడవాళ్ల పరిస్థితిపై వేసిన హేమ కమిటీ నివేదిక 2024లో బయటికొచ్చింది. అందులో వేధింపులతో పాటు సెట్లలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది కూడా లేని దుస్థితి ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం చెబుతోంది. ఏ సినిమాకు ఒప్పుకున్నా ఆ కమిటీలో ఎవరున్నారు, రాత్రి షూటింగయ్యాక వాహనం ఎవరిస్తారు అని మొదటి రోజే అడిగే అలవాటు చేయించండి. అడగడం తప్పు కాదని మీ నోటితో వింటే అమ్మాయికి ధైర్యం.

సంబంధాల చర్చ ఇంటర్ చదివే పిల్ల ముందు వద్దు. పరీక్షలయ్యాక ఇంట్లో ఒకే గదిని పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక ఫోన్‌తోనే తీసి, తేడా ఎందుకొచ్చిందో చెప్పమనండి. వేసవంతా విసుగు లేకుండా ఆ పని చేస్తే బీఎఫ్‌ఏ దరఖాస్తు కట్టించండి.