స్వాతీ, ఆ ఫైలు పైకి పంపే ముందు

అనంతపురం

చిరంజీవి స్వాతికి,

మీ పెద్దత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విదేశాల్లో జరిగే చిన్న చిన్న అంతర్జాతీయ పోటీలకు దూరదర్శన్ సొంత బృందాన్ని పంపాలని నువ్వు పైవాళ్లకు ప్రతిపాదన రాస్తున్నావంట. కెమెరాలు, మైదానం నుంచే ప్రసారం చేసే ఓబీ వ్యాను, శాటిలైట్ లింకు, హోటళ్లు అన్నీ కలిపి కోట్లలో అడుగుతున్నావంట. మీ అమ్మకు అందులో సగం అర్థం కాలేదు. "పాప పేరు ఫైలు మీద ఉంటుందంట వదినా" అని మాత్రం మురిసిపోయింది. నాకేమో ఆ మాటకే నిద్ర పట్టలేదు. పేరు ఉన్న చోట సంతకం కూడా ఉంటుంది కదమ్మా.

ముందు సంతోషం సంగతి చెప్పేస్తాను, తర్వాత తిట్లలో పడితే మర్చిపోతాను. మా స్కూలు గ్రౌండులో ఖోఖో ఆడి మోకాళ్లు చెక్కుకుని, ఇంట్లో తిడతారని లంగా కిందికి లాక్కుని నడిచిన పిల్లవి నువ్వు. ఎవరూ చూపించని ఆటలు చూపించాలని ఢిల్లీలో కూర్చుని కొట్లాడుతున్నావంటే, రిటైరైన ఈ డ్రిల్ టీచరుకు అంతకన్నా ఏం కావాలి?

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. లెక్కలు రెండుసార్లు చూసుకో, నోటు రెండు పేజీలు దాటనివ్వకు, మీటింగుకు ఖాళీ కడుపుతో పోవద్దు.

"ఇవన్నీ ఎవరు చూస్తారు?" అని అడిగేవాళ్లు మీటింగులో తప్పకుండా ఉంటారు. వాళ్లకు నువ్వు తలవంచాల్సిన పని లేదు. ఆటలకు తగినంత చోటు ఇవ్వడం, మీ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి బాధ్యతల్లో ఒకటని 1990 నాటి చట్టంలో, 12వ సెక్షన్‌లోనే రాసి ఉంది. ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్, పెద్ద క్రికెట్ మ్యాచ్‌లు ఎలాగూ వస్తాయి. హక్కులు కొన్న ప్రైవేటు చానెళ్లు ఆ సిగ్నల్ మీతో పంచుకోవాలని 2007లో చట్టం చేశారు. టీవీ ప్రకటనల ఆదాయంలో నూటికి వాళ్లకు 75 వంతులు, మీకు 25 అని లెక్క కూడా పెట్టారు. చిన్న ఆటలతోనే చిక్కు. వాటిని కొన్నవాడే ఉండడు, ఇంక ఎవరు ఎవరితో పంచుకుంటారు? అక్కడ మీరు చూపించకపోతే చూపించేవాళ్లు లేరు.

2025 నవంబర్‌లో అంధ మహిళల టీ20 ప్రపంచ కప్ మొదటిసారి పెడితే మనవాళ్లే గెలిచారు. కెప్టెన్ దీపిక మడకశిర వైపు పల్లెటూరి పిల్ల. కప్పు గెలిచి వచ్చాక ఉప ముఖ్యమంత్రిని కలిస్తే, తన ఊరికి రోడ్డు వేయించమని అడిగింది. ఆ రోడ్డు సంగతి పేపర్లో చదివి మా వీధిలో అందరూ ఆ పిల్లను మెచ్చుకున్నారు. ఆమె ఆట ఒక్క బంతి అయినా చూశారా అంటే ఒక్కరూ లేరు. దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన ఆర్డీటీ స్టేడియానికి వచ్చినప్పుడు, 2024లో, వీళ్లే ఎండలో నిలబడి చూసొచ్చారు. వీళ్లకు ఆటంటే ఇష్టం లేదనడానికి లేదు. ఆ పిల్ల ఆట వీళ్ల దాకా రాలేదు, అంతే.

కాబట్టి చూపించాలన్న దాంట్లో నేను నీ పక్షమే. నా గొడవంతా ఆ డబ్బు ఎక్కడ పోస్తావన్నదే.

మీ చిన్నాయన కథ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు, మన ఇంట్లో ఆ మాట ఎత్తితే మీ నాయన లేచి బయటికి పోతాడు. తొంభైల చివర్లో తాడిపత్రిలో వాడికి కేబుల్ కనెక్షన్లు ఉండేవి, ఒక లోకల్ చానెల్ కూడా నడిపేవాడు. రాత్రి ఒక సినిమా, పగలు పాటలు, మధ్యలో బంగారు అంగళ్ల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు. బాగానే గడిచేది. ఆ ఏడాది దగ్గర ఊరి తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెద్దగా పెట్టారు, కర్ణాటక నుంచి కూడా ఎద్దుల జతలు వస్తున్నాయన్నారు. వీడికి ఆశ పుట్టింది. "అక్కా, లైవ్ ఇస్తా. క్రికెట్ మ్యాచ్ మాదిరి చూపిస్తా" అన్నాడు.

హైదరాబాద్ నుంచి మూడు కెమెరాలు, మిక్సరు, ఒక క్రేను, జనరేటరు బాడుగకు తెచ్చాడు. మైదానం నుంచి ఊళ్లోకి కేబుల్ లాగించాడు. మీ జేజినాయన వాడి పేరున రాసిన చేను తాకట్టు పెట్టి ఇదంతా చేశాడని నాకు అప్పుడు తెలియదు. మన వీధిలోనే ఒక పెద్దాయన ఉండేవాడు. ఏ జత ఏ ఊరిది, దాని తల్లి ఎవరి ఇంట్లో ఈనింది, ఏ ఎద్దు మొదట్లో ఊపు చూపి సగం టైము దాటాక మొరాయిస్తుంది, ఏ తోలేవాడు చర్నాకోలు ఎత్తకుండా గొంతుతోనే లాగిస్తాడు, అన్నీ ఆయన నాలుక మీద ఉండేవి. అరుగు మీద ఆయన చెప్తుంటే ఆడవాళ్లం కూడా పని వదిలేసి వినేవాళ్లం. ఆయన్ను మైకు దగ్గర కూర్చోబెట్టరా అన్నాను. ఆయన అడిగింది ఒక రోజు కూలి, మధ్యాహ్నం భోజనం. అప్పటికి వీడి చేతిలో డబ్బు అయిపోయింది. "బొమ్మ కనపడుతుంటే మాటెందుకక్కా" అన్నాడు.

మైకు దగ్గర అంగళ్ల ప్రకటనలు చదివే పిల్లోడిని కూర్చోబెట్టాడు. ఎద్దుల వయసును పళ్లతో లెక్కేసి విభాగాలు పెడతారు కదా, వాడికి ఆరు పళ్ల విభాగానికీ నాలుగు పళ్ల విభాగానికీ తేడా తెలియదు. "ఎద్దులు లాగుతున్నాయి, చూడండి, లాగుతున్నాయి" అంటాడు. మూడు కెమెరాల్లో ఒకటి పొద్దుటి నుంచీ వేదిక మీదే, నాయకులకు వేసే దండలే చూపిస్తా ఉంది. డబ్బిచ్చినవాళ్లు అక్కడ కూర్చున్నారు మరి. క్రేను ఎక్కువసేపు ఆకాశాన్ని చూపించింది. ఏ విభాగం ఎన్ని గంటలకో ముందు రోజు ఒక స్లైడు కూడా వేయలేదు. ఎద్దుల మీద ప్రాణం ఉన్నవాళ్లంతా మైదానంలోనే ఉన్నారు. ఇంట్లో ఉన్నవాళ్లకు తామేం చూస్తున్నారో తెలియలేదు. మధ్యాహ్నానికి ఫోన్లు మొదలైనాయి: "సినిమా పెట్టండయ్యా!"

సాయంత్రానికి పెట్టేశాడు. ఆ సినిమా నడుస్తుండగానే ఆ రోజు అందరికన్నా ఎక్కువ దూరం లాగిన జత బరిలోకి దిగింది. మైదానంలో జనం లేచి నిలబడి వేసిన ఈలలు ఊళ్లోకి వినపడినాయి. టీవీలో మాత్రం పాట వస్తా ఉంది.

చేను విడిపించుకోలేకపోయాడు. చానెల్ కూడా మరుసటి ఏడాది ఇంకొకరి చేతికి పోయింది. ఇప్పుడు సెట్‌టాప్ బాక్సులు బాగుచేసుకుంటా ఉన్నాడు, తిరునాళ్ల వైపు పోడు. ఇప్పటి పిల్లలు ఒక సెల్‌ఫోను, ఎద్దుల సంగతి తెలిసిన ఒక గొంతు పెట్టుకుని అవే పోటీలు యూట్యూబ్‌లో చూపిస్తుంటే ఎక్కడెక్కడి మనవాళ్లో చూస్తున్నారు. వాడూ చూస్తాడు, తలుపు వేసుకుని. ఈ సంగతి నేను రాశానని వాడితో అనొద్దు.

నీ బడ్జెట్ కాగితం మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది, కోప్పడకు. విమానాలు, బాడుగలు, భత్యాలు వరసగా ఉన్నాయి. కామెంటరీకి రాసింది చూస్తే చిల్లర. అది కూడా హిందీ, ఇంగ్లీషుకే. నాకు ఆ క్రేను గుర్తొచ్చింది.

మా నాయన, అంటే మీ జేజినాయన, హిందీ ఒక్క ముక్క రానివాడు. 1975లో కౌలాలంపూర్ హాకీ ప్రపంచ కప్ ఫైనల్ రోజు రేడియోకు చెవి ఆనించుకుని కూర్చున్నాడు. అవతల జస్‌దేవ్ సింగ్ హిందీలో చెప్తున్నాడు. నేను బళ్లో నేర్చిన హిందీతో అక్కడక్కడ తెలుగు చేసి చెప్తుంటే "నువ్వు ఊరుకో, ఆయన గొంతు చెప్తాంది" అని కసిరాడు. 2–1తో పాకిస్తాన్ మీద గెలిచాక, పంచె ఎగ్గట్టి వీధిలోకి పరిగెత్తాడు. ఒక్క బొమ్మ లేదు, ఒక్క కెమెరా లేదు. నేను డ్రిల్ టీచరు కావడానికి కారణం ఆ సాయంత్రమే అంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు, ఉద్యోగం ఖాళీ ఉండింది కాబట్టి అనేది. అది కూడా నిజమే.

ఇంకొక సంగతి. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. అబ్బో, ఎంత ఆర్భాటం! మా పిల్లలను బస్సులో తీసుకుపోయి చూపించాను, కళ్లు తిప్పుకోలేకపోయారు. ఆ క్రీడలు మళ్లీ ఎప్పుడూ జరగలేదు. నాలుగేళ్లకు అదే ఊళ్లో సైనికుల ప్రపంచ క్రీడలు జరిగితే వాటి పేరు ఇప్పుడు గుర్తున్నవాళ్లు ఎంతమంది? ఒక పోటీ రేపు ఉంటుందో లేదో తెలియనప్పుడు, దాని కోసమే కోట్లు పెట్టి సరంజామా కదిలించడం నాకు నచ్చదు. ఆ ఆట మాత్రం ఉంటుంది, ఆడే పిల్లలుంటారు. డబ్బు వాళ్ల వెంట పోవాలి.

నువ్వు నవ్వుతావు గానీ నా అసలు భయం ఇప్పుడు చెప్తాను. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ప్రసారానికి రూ.246 కోట్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆటలు రెండు వారాలు కూడా లేవు. ఆ తర్వాత, ఆ క్రీడల్లో జరిగిన అవకతవకలు చూడటానికి వేసిన శుంగ్లూ కమిటీ కూర్చుని ఆ ఒప్పందాన్ని కాగితం కాగితం తిరగేసింది, పెద్ద పెద్ద అధికారులే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. స్కూల్లో గేమ్స్ ఫండ్ రిజిస్టరు రాసినదాన్ని నేను. రెండు వాలీబాల్ నెట్‌లు ఎందుకు కొన్నావని, అవి చిరిగిపోయిన తర్వాత వచ్చి అడిగారు. ఆడిట్ వాళ్లు అలాగే వస్తారు, అన్నీ అయిపోయాక. అప్పటికి నీ కాంట్రాక్టు ఉద్యోగం ముగిసి ఉంటుంది. నీ సంతకం అక్కడే ఉంటుంది.

పోయే బృందం జాబితాలో నీ పేరు కూడా ఉందే! ప్రతిపాదన రాసినదానివే విమానం ఎక్కుతానంటే ఎవరు నమ్ముతారమ్మా? ఈ రోజే తీసెయ్. ఈ మాటకు నీకు కోపం వస్తుంది, రానీ. విదేశం చూడాలని ఉంటే మీ మామ నేను టికెట్టు కొనిస్తాం.

మరి ఏం అడగాలంటావు. పోటీ పెట్టినవాళ్లు వాళ్ల కెమెరాలతో ఎలాగూ చిత్రీకరిస్తారు, చాలా చిన్న సంఘాలు యూట్యూబ్‌లో పెట్టుకుంటున్నాయి కూడా. ఆ ఫీడ్, అంటే వాళ్లు తీసే బొమ్మ, అడిగి తీసుకో, హక్కులు రాతపూర్వకంగా తీసుకో. ఇక్కడి స్టూడియోలో టీవీ ముందు కూర్చోబెట్టి కామెంటరీ చెప్పించు. ఆఫ్ ట్యూబ్ అంటారంట దాన్ని మీవాళ్లు. తెలుగు, కన్నడ, మరాఠీ, మణిపురి, ఏ రాష్ట్రం పిల్లలు ఆడుతుంటే ఆ భాష. వాళ్ల ఫీడ్ బాగాలేకపోతేనే, అదీ మనవాళ్లు ఆడే రోజులకే, ఒక చిన్న జట్టును పంపు. డబ్బు అడిగే చోట ధైర్యంగా అడుగు: ఆడినవాళ్లను వెతికి మాట్లాడటం నేర్పించడానికి, పోటీకి ముందు నెలల్లో ఆ పిల్లల ఊళ్లకు పోయి నాలుగైదు నిమిషాల కథలు తీయడానికి, జిల్లా, రాష్ట్ర పోటీల్లో రెండు కెమెరాలు నిలబెట్టడానికి. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచ కప్‌ను మన ఆడపిల్లలు, మగపిల్లలు ఇద్దరూ గెలిచారు. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎన్నేళ్లు మట్టిలో ఎవరూ చూడకుండా పరిగెత్తారో నీకు నేను చెప్పాలా?

ఖోఖో తీసేటప్పుడు ఒక కెమెరా ఎత్తులో, రెండు స్తంభాలూ కనపడేటట్టు పెట్టించు. చేజర్ ముఖం వెంట పడితే రన్నర్ ఎటు తప్పించుకుందో తెలియదు, ఆట అంతా అక్కడే ఉంది. టైము ముందే చెప్పించు, చెప్పిన టైముకు మార్చకుండా వేయించు. మన పల్లెల్లో మీ దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్న ఇళ్లు చాలా. నెల నెలా డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి పెట్టుకున్నారు. వాళ్ల కోసమే కదా మీ చానెల్ ఉన్నది. మీ వేవ్స్ యాప్‌లో కూడా పెట్టించు, కానీ యాప్‌లో పెట్టాం కదా అని టీవీలో తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

"తక్కువ అడిగితే చులకన చేస్తారత్తా" అని అంటావు. చేస్తారు. కానీ పెద్ద మొత్తం ఒకసారి ఇచ్చి, ఎవరూ చూడలేదని తేల్చి, ఆ పేరు చెప్పి పదేళ్లు చిన్న ఆటల తలుపు మూసేస్తారే, దానికి నేను ఎక్కువ భయపడతాను. చిన్న మొత్తం ఏటా ఇస్తే ఆపడం వాళ్లకే కష్టం.

తెలుగు కామెంటరీకి మనిషి కావాలంటే ధర్మవరంలో ఒక అమ్మాయి ఉంది, నా దగ్గర ఆడినదే, రాష్ట్రానికి ఆడింది. ఇప్పుడు పట్టుచీరల అంగట్లో లెక్కలు రాస్తోంది. నోరు తెరిస్తే ఆగదు, ఆటలో ప్రతి అడుగూ తెలుసు. నంబరు ఫోన్లో చెప్తాను. రోజుకు ఎంతో, బస్సు ఛార్జీ ఎంతో ముందే మాట్లాడి, అంగడి యజమానికి చూపించుకోవడానికి మీ ఆఫీసు నుంచి ఒక లెటరు ఇప్పించు. ఊరికే రమ్మని మాత్రం పిలవొద్దు.

మీ పెద్దత్త