అల్ట్రామ్యాన్ ఒక్కడు కాదు, ముగ్గురు

ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో కొన్న మూడు కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ దుష్ట ప్రతిరూపమైన అల్ట్రామ్యాన్ కథ మూడు రకాలుగా ఉందని, ఏది అసలైనదో, ఏది ముందు చదవాలో తెలియడం లేదని మీరు రాశారు. మీ ప్రతుల్లో తప్పేమీ లేదు. అవి ఒకే పేరు పెట్టుకున్న ముగ్గురి కథలు.

సూపర్‌మ్యాన్‌ను నీరసపరిచే ఖనిజమైన క్రిప్టొనైట్ తగిలినప్పుడల్లా కొత్త శక్తి పొందేవాడు అందరికంటే పాతవాడు. 1964లో జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా 29వ సంచికలో గార్డ్‌నర్ ఫాక్స్, మైక్ సెకౌస్కీ అతణ్ణి ఎర్త్-త్రీ అనే ప్రపంచంలో సృష్టించగా, 1985లో మొదలైన క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ అనే కామిక్స్ వరుసలో ఆ ప్రపంచంతోపాటే అతడూ నశించాడు. వ్యోమగామిగా ఉండి శక్తులు పొందినవాడు 2000లో గ్రాంట్ మారిసన్ రాసిన, యాంటీమ్యాటర్ (ప్రతిపదార్థం) విశ్వానికి చెందిన మనిషి. ఇక క్రిప్టొనైట్‌ను పీల్చి బలపడుతూ, ఎండ తగిలితే నీరసించే మూడోవాడు 2013 నాటి ఫరెవర్ ఈవిల్ అనే కామిక్స్ వరుసలోనివాడు. ఆ బలహీనత వల్లనే అతడు చంద్రుణ్ణి జరిపి సూర్యుణ్ణి కప్పేస్తాడు. ముగ్గురిలో నాకు బాగా నచ్చిన ఎత్తుగడ ఇదే.

ముందుగా 2000 నాటి పుస్తకం చదవండి. అది తనంతట తానే పూర్తయ్యే కథ. ఫరెవర్ ఈవిల్‌కు మాత్రం దాని ముందు వచ్చిన ట్రినిటీ వార్ అనే కథ చదివి ఉండటం మేలు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు 1966 నాటి జపాన్ టీవీ అల్ట్రామ్యాన్ ఎదురైతే పక్కన పెట్టండి, అతనికి వీళ్లతో ఏ సంబంధమూ లేదు.